బరువు తగ్గే ఆహార నియమాలలో ఉప్పు

బరువు తగ్గేందుకు పాటించే ఆహార నియమాలలో ఉప్పు తగ్గించడం చాలా కాలంగా ఒక ముఖ్యాంశంగా ఉంది. ఉప్పు రసాయనికంగా సోడియం క్లోరైడ్ అనే లవణం. ఇందులో కేలరీలు లేవు. కాబట్టి అది శరీరంలో కొవ్వుగా మారదు, ఉన్న కొవ్వును కరిగించదు కూడా. అయినప్పటికీ ఉప్పు బాగా తగ్గించిన వ్యక్తి బరువు నాలుగైదు రోజులలోనే సుమారు ఒక కిలో వరకు తగ్గవచ్చు. ఇలా తగ్గేది నీరు మాత్రమే, కొవ్వు కాదు. ఈ తేడా తెలియనివారు మొదటి వారంలో అతిగా సంతోషించడం, రెండవ వారంలో బరువు కదలకపోతే నిరాశతో నియమాన్నే వదిలివేయడం తరచుగా జరుగుతూ ఉంటుంది. ఉప్పు తగ్గించడం వలన కలిగే అసలు ప్రయోజనం రక్తపు పోటు విషయంలో ఉంది. బరువు విషయంలో దాని పాత్ర పరోక్షమైనది.

శరీరంలో ఉప్పు పని

ఉప్పులో బరువును బట్టి దాదాపు 40 శాతం సోడియం, 60 శాతం క్లోరైడ్ ఉంటాయి. అనగా ఒక గ్రాము ఉప్పులో సుమారు 0.4 గ్రాముల సోడియం ఉంటుంది. నాడులలో సంకేతాల ప్రసారానికి, కండరాల కదలికకు, రక్త పరిమాణం నిలకడగా ఉండడానికి సోడియం అవసరం. కనుక ఉప్పు శత్రువు కాదు. అవసరానికి మించిన ఉప్పుతోనే చిక్కు.

శరీరంలోని సోడియంలో ఎక్కువ భాగం కణాల వెలుపలి ద్రవంలో, అంటే రక్తపు ద్రవభాగంలోను, కణాల మధ్య ఉండే ద్రవంలోను ఉంటుంది. రక్తంలో సోడియం గాఢత లీటరుకు 135 నుండి 145 మిల్లీమోళ్ళ మధ్య ఉండేలా శరీరం జాగ్రత్త పడుతుంది. ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు ఈ గాఢత పెరగబోతుంది. వెంటనే దాహం వేస్తుంది. మెదడు నుండి వాసోప్రెసిన్ అనే హార్మోను వెలువడి, మూత్రంలో నీరు ఎక్కువగా పోకుండా చూడమని మూత్రపిండాలకు సూచిస్తుంది. ఈ విధంగా పెరిగిన ఉప్పుకు తగినంత నీరు శరీరంలో నిలిచి గాఢత మళ్ళీ యథాస్థితికి వస్తుంది. గాఢత సరిపోయింది గాని ద్రవ పరిమాణం పెరిగింది. త్రాసు మీద కనిపించే అదనపు బరువు ఇదే.

ఉప్పు తగ్గించినప్పుడు ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. మూత్రపిండాలు కొన్ని రోజులపాటు తిన్నదానికంటే ఎక్కువ సోడియాన్ని విసర్జిస్తాయి. దానితోపాటే నీరు పోతుంది. తరువాత ఆల్డోస్టిరోన్ అనే హార్మోను పెరిగి సోడియాన్ని పొదుపు చేయడం మొదలుపెడుతుంది. అక్కడితో కొత్త సమతుల్యం ఏర్పడి బరువు తగ్గడం ఆగిపోతుంది.

నీటి బరువు, కొవ్వు బరువు

ఆసుపత్రులలో రోగులకు ఎక్కించే సాధారణ సెలైన్ ద్రావణాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ లెక్క సులభంగా అర్థమవుతుంది. ఇది 0.9 శాతం ఉప్పు ద్రావణం. అనగా ఒక లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. దీని గాఢత శరీర ద్రవాల గాఢతకు దగ్గరగా ఉంటుంది. దీనిని బట్టి శరీరంలో అదనంగా నిలిచిన 9 గ్రాముల ఉప్పు సుమారు ఒక లీటరు నీటిని, అంటే ఒక కిలో బరువును, పట్టి ఉంచగలదని తెలుస్తుంది.

కొవ్వు లెక్క వేరు. శరీరంలోని ఒక కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కిలోకేలరీల శక్తి నిల్వ ఉంటుంది. (వ్యవహారంలో దీనినే కేలరీలు అంటారు.) ఒక వ్యక్తి తన రోజువారీ ఖర్చు కంటే 500 కేలరీలు తక్కువగా తింటే ఒక కిలో కొవ్వు తగ్గడానికి దాదాపు 15 రోజులు పడుతుంది. అదే వ్యక్తికి మొదటి నాలుగు రోజులలో తగ్గగలిగే కొవ్వు సుమారు 260 గ్రాములు మాత్రమే. కాబట్టి నాలుగు రోజులలో ఒకటిన్నర కిలోలు తగ్గితే అందులో అధిక భాగం నీరేనని గ్రహించాలి.

ఈ తేడా రెండు వైపులా వర్తిస్తుంది. పెళ్ళి భోజనం చేసిన మరునాడు బరువు ఒక కిలో పెరిగినట్లు కనిపిస్తే, ఒక్క పూటలో కిలో కొవ్వు చేరిందని అర్థం కాదు. అలా చేరాలంటే అవసరానికి మించి 7,700 కేలరీలు తినవలసి ఉంటుంది. విందులోని అప్పడాలు, ఊరగాయలు, వేపుళ్ళ ద్వారా చేరిన ఉప్పు, అది పట్టి ఉంచిన నీరు, ఇంకా జీర్ణాశయంలో ఉన్న ఆహారం ఇందుకు కారణాలు. మామూలు భోజనానికి తిరిగి వచ్చిన రెండు మూడు రోజులలో ఈ బరువు దానంతట అదే పోతుంది. స్త్రీలలో నెలసరికి ముందు కూడా నీరు నిలిచి బరువు కొంత పెరుగుతుంది. అందువలన రోజువారీ అంకెల కంటే వారానికి ఒకసారి, ఉదయం కాలకృత్యాల తరువాత, ఏమీ తినకముందు చూసుకున్న బరువు నమ్మదగినది. నడుము చుట్టుకొలతను కూడా గమనించడం మంచిది.

అన్నం మానినప్పుడు జరిగేది

అన్నం, రొట్టె వంటి పిండిపదార్థాలను ఒక్కసారిగా తగ్గించే ఆహార పద్ధతులలో మొదటి వారంలో బరువు వేగంగా తగ్గుతుంది. ఇందుకు రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, కాలేయంలోను కండరాలలోను నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు 3 గ్రాముల నీరు నిల్వ ఉంటుంది గనుక ఆ నీరు కూడా పోతుంది. రెండవది, ఇన్సులిన్ స్థాయి తగ్గుతుంది. ఇన్సులిన్ మూత్రపిండాలు సోడియాన్ని నిలుపుకొనేలా చేస్తుంది కాబట్టి, అది తగ్గినప్పుడు సోడియం, నీరు ఎక్కువగా బయటకు పోతాయి. ఈ పద్ధతులు పాటించేవారికి మొదటి రోజులలో కలిగే తలనొప్పి, నీరసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం వంటి ఇబ్బందులకు ఇలా ఉప్పు, నీరు కోల్పోవడం ఒక కారణం. ఇటువంటి సమయంలో ఉప్పును కూడా పూర్తిగా మానివేస్తే ఇబ్బంది మరింత పెరుగుతుంది.

ఉప్పు, ఆకలి, స్థూలకాయం

ఉప్పులో కేలరీలు లేకపోయినా అది తినే ఆహారం పరిమాణాన్ని ప్రభావితం చేయగలదు. ఉప్పు రుచిని పెంచుతుంది. రుచి పెరిగితే తిండి పెరుగుతుంది. చప్పిడి పప్పుతో నాలుగు ముద్దలు తినే మనిషి ఆవకాయతో ఎనిమిది ముద్దలు తినడం అందరూ ఎరిగినదే. 2016లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో 48 మందికి వేర్వేరు రోజులలో ఉప్పు తక్కువ, ఎక్కువ ఉన్న మధ్యాహ్న భోజనాలు పెట్టి చూశారు. ఉప్పు ఎక్కువ ఉన్నప్పుడు వారు సుమారు 11 శాతం ఎక్కువ తిన్నారు.

2015లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన ఒక విశ్లేషణలో రోజుకు ఒక గ్రాము ఉప్పు ఎక్కువ తినే పెద్దలలో స్థూలకాయం వచ్చే అవకాశం 26 శాతం ఎక్కువగా కనిపించింది. అయితే ఇది పరిశీలనాత్మక అధ్యయనం. రెండూ కలిసి కనిపించాయని చెబుతుందే గాని, ఒకదానికి మరొకటి కారణమని నిరూపించదు. ఉప్పు ఎక్కువగా ఉండే చిరుతిళ్ళలో నూనె, పిండి కూడా ఎక్కువగా ఉంటాయన్న సంగతి ఇక్కడ గమనించదగినది. కారప్పూస, చేగోడీలు, మిక్చరు, చిప్స్ తగ్గించినవారు ఉప్పుతోపాటు కేలరీలను కూడా తగ్గించినట్లే. వారి బరువు తగ్గడానికి ప్రధాన కారణం రెండవదే.

చరిత్ర

ఉప్పు లేని ఆహారం ఆరోగ్యకరమన్న అభిప్రాయం పాతది. మహాత్మా గాంధీ తన ఆత్మకథలో దక్షిణాఫ్రికాలో జరిగిన ఒక సంఘటనను వ్రాశారు. అనారోగ్యంతో ఉన్న కస్తూరిబాను ఉప్పు, పప్పులు మానమని ఆయన కోరగా, మీకు చెబితే మీరు మాత్రం మానగలరా అని ఆమె ప్రశ్నించింది. ఆయన వెంటనే తాను మానివేశారు. అదే గాంధీ 1930లో ఉప్పు పన్నుకు వ్యతిరేకంగా దండి యాత్ర చేశారు. ఉప్పు ప్రతి పేదవానికి అవసరమైన వస్తువన్నది ఆ ఉద్యమానికి మూలం.

వైద్యరంగంలో ఉప్పు లేని పథ్యానికి ప్రసిద్ధి తెచ్చినవాడు వాల్టర్ కెంప్నర్ (1903–1997). జర్మనీ నుండి అమెరికాకు వలస వెళ్ళిన ఈ వైద్యుడు ఉత్తర కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1939 నుండి తీవ్రమైన రక్తపు పోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఒక ప్రత్యేక పథ్యం పెట్టాడు. అన్నం, పళ్ళు, పళ్ళరసాలు, చక్కెర మాత్రమే అందులో ఉండేవి. ఉప్పు దాదాపు లేదు. రక్తపు పోటుకు మంచి మందులు లేని ఆ కాలంలో ఈ పథ్యం పలువురి ప్రాణాలు నిలబెట్టింది. తరువాత ఇదే పద్ధతిని కేలరీలు తగ్గించి స్థూలకాయులకు వాడారు. కనీసం 45 కిలోల బరువు తగ్గిన 106 మంది రోగుల వివరాలను కెంప్నర్ బృందం 1975లో ప్రచురించింది. అయితే ఆ రోగులు తిన్న ఆహారంలో కేలరీలు చాలా తక్కువ. వారు వ్యాయామం చేశారు, వైద్యుల నిత్య పర్యవేక్షణలో ఉన్నారు. కొవ్వు తగ్గడానికి కారణం ఇవే. ఉప్పు మానడం మొదట్లో నీటిని, ఆపైన రక్తపు పోటును తగ్గించడానికి తోడ్పడింది. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లనే "ఉప్పు మానితే లావు తగ్గుతారు" అనే ప్రచారం బలపడింది.

రక్తపు పోటుపై ప్రభావం

ఉప్పు తగ్గిస్తే రక్తపు పోటు తగ్గుతుందనడానికి బలమైన ఆధారాలు ఉన్నాయి. 2001లో అమెరికాలో 412 మందిపై జరిగిన డాష్-సోడియం పరిశోధనలో మూడు స్థాయిలలో ఉప్పు ఇచ్చి చూశారు. ఉప్పు తగ్గినకొద్దీ రక్తపు పోటు తగ్గింది. ఈ పరిశోధనలో పాల్గొన్నవారి బరువు మారకుండా ఆహారాన్ని సర్దుతూ వచ్చారు. కనుక బరువు తగ్గకపోయినా ఉప్పు తగ్గించడం వలన లాభం ఉంటుందని ఇది స్పష్టం చేసింది. పలు పరిశోధనలను కలిపి 2013లో చేసిన విశ్లేషణ ప్రకారం, రోజుకు సుమారు 4.4 గ్రాముల ఉప్పు తగ్గించినప్పుడు పై సంఖ్య (సిస్టాలిక్ పీడనం) రక్తపు పోటు ఉన్నవారిలో సగటున 5.4, లేనివారిలో 2.4 మిల్లీమీటర్లు తగ్గింది.

బరువు తగ్గడం కూడా రక్తపు పోటును తగ్గిస్తుంది. ఒక కిలోకు సుమారు ఒక మిల్లీమీటరు అని స్థూలంగా చెప్పవచ్చు. 60 నుండి 80 ఏళ్ళ వయస్సు గల రోగులపై జరిగి 1998లో వెలువడిన టోన్ అనే అమెరికా పరిశోధనలో, స్థూలకాయులలో ఉప్పు తగ్గించడం, బరువు తగ్గడం రెండూ కలిపి పాటించినవారికి అత్యధిక ప్రయోజనం కలిగింది. కాబట్టి ఈ రెండు ప్రయత్నాలు ఒకదానికి ఒకటి బదులు కావు, తోడు మాత్రమే.

ఎంత ఉప్పు తినవచ్చు

ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం పెద్దలు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు (2 గ్రాముల లోపు సోడియం) తీసుకోవాలి. ఇది ఒక టీ చెంచా కంటే కొంచెం తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో కూడా 5 గ్రాముల పరిమితే ఉంది. భారతదేశంలో 2017–18లో జరిగిన జాతీయ సర్వేలో సగటు వాడకం రోజుకు 8 గ్రాములుగా తేలింది. అందులో పురుషులది 8.9, స్త్రీలది 7.1 గ్రాములు.

ఇంటిలో ఎంత ఉప్పు వాడుతున్నారో తెలుసుకోవడానికి ఒక సులభమైన లెక్క ఉంది. నలుగురు పెద్దలున్న కుటుంబానికి రోజుకు 20 గ్రాముల చొప్పున ఒక కిలో ఉప్పు ప్యాకెట్టు 50 రోజులు రావాలి. నెల తిరగకముందే అది ఖాళీ అవుతూ ఉంటే పరిమితి దాటినట్లే. కొని తెచ్చిన పదార్థాలలోని ఉప్పు దీనికి అదనం. ప్యాకెట్ల మీద సాధారణంగా ఉప్పు బదులు సోడియం అంకె ముద్రిస్తారు. ఆ అంకెను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో వస్తుంది. ఉదాహరణకు 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు.

తెలుగువారి భోజనంలో ఉప్పు

తెలుగువారి ఇళ్ళలో అన్నం సాధారణంగా ఉప్పు లేకుండానే వండుతారు. ఆ చప్పదనాన్ని సరిచేసేలా పప్పు, కూర, పులుసు, పచ్చళ్ళలో ఉప్పు వేస్తారు. అందువలన అన్నం ఎక్కువ తినేవారికి కలుపుకొనే పదార్థాల ద్వారా ఉప్పు కూడా ఎక్కువగానే చేరుతుంది. అన్నం పరిమాణం తగ్గించి కూరగాయలు పెంచదలచినవారు కూరలో ఉప్పును కూడా తగ్గించుకోవాలి. లేనిచో కేలరీలు తగ్గి ఉప్పు పెరిగే ప్రమాదం ఉంది.

ఊరగాయలలో ఉప్పు రుచికే గాక, చెడిపోకుండా నిలవ ఉంచడానికి కూడా అవసరం. కనుక వాటిలో ఉప్పు తగ్గించడం కన్నా వేసుకొనే పరిమాణాన్ని తగ్గించడమే సరైన పద్ధతి. అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, ఎండు చేపలు కూడా ఈ కోవకే చెందుతాయి. వంటసోడాలో కూడా సోడియం ఉంటుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పరిస్థితి కొంత భిన్నం. అక్కడి ప్రజలు తినే ఉప్పులో దాదాపు 70 శాతం వంటింటి నుండి గాక ప్యాకెట్ ఆహారం, హోటలు భోజనాల నుండి వస్తుంది.

ఉప్పు తగ్గించే పద్ధతులు

* ఒక్కసారిగా గాక కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గించాలి. నాలుక తక్కువ ఉప్పుకు క్రమంగా అలవాటుపడుతుంది.
* నిమ్మరసం, చింతపండు, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు, కొత్తిమీర రుచి లోటును చాలావరకు తీరుస్తాయి.
* విస్తట్లో, కంచంలో విడిగా ఉప్పు వేసుకొనే అలవాటు మానాలి. మజ్జిగలో ఉప్పు బదులు అల్లం, కరివేపాకు వేసుకోవచ్చు.
* ఊరగాయ, అప్పడం రెండూ ఒకే పూట తినకుండా చూసుకోవాలి.
* ఉప్పుగా ఉండే చిరుతిళ్ళకు బదులు పళ్ళు, దోసకాయ, ఉప్పు కలపని వేరుశనగలు తినవచ్చు. వేరుశనగలలో కేలరీలు ఎక్కువ గనుక మితంగా తినాలి.

ఉప్పు రకాలు, అయోడిన్

సైంధవ లవణం, సముద్రపు కల్లుప్పు, నల్ల ఉప్పు వంటివి తింటే లావు తగ్గుతారన్న ప్రచారానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. వీటన్నిటిలోను ప్రధానంగా ఉండేది సోడియం క్లోరైడే. పైగా అయోడిన్ కలపని ఉప్పు మాత్రమే వాడేవారికి అయోడిన్ లోపం రావచ్చు. భారతదేశంలో అయోడిన్ కలపని ఉప్పును మనుషుల ఆహారానికి నేరుగా అమ్మడాన్ని 2006లో నిషేధించారు. వినియోగదారుని చేరేసరికి ఉప్పులో కనీసం మిలియనుకు 15 వంతుల అయోడిన్ ఉండాలన్నది నియమం. ఉప్పు తగ్గించేవారు అయోడిన్ కలిపిన ఉప్పునే తగ్గించి వాడుకోవడం మంచిది.

సోడియంలో కొంత భాగానికి బదులు పొటాషియం కలిపిన ఉప్పు కూడా దొరుకుతుంది. చైనాలోని 600 గ్రామాలలో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో ఇటువంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కాని మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి పొటాషియం రక్తంలో పేరుకుపోయి గుండెకు ప్రమాదం తెస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి, మూత్రపిండాల వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాలవారు వైద్యుని అడగకుండా ఈ ఉప్పు వాడరాదు.

భిన్నాభిప్రాయాలు

ఉప్పు ఎంత తక్కువైతే అంత మంచిదా అన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. 2014లో వెలువడిన ప్యూర్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో రోజుకు 3 నుండి 6 గ్రాముల సోడియం తీసుకొనేవారికి ప్రమాదం అతి తక్కువగా కనిపించింది. అంతకంటే తక్కువ తీసుకొనేవారిలోను ప్రమాదం ఎక్కువగానే ఉన్నట్లు తేలింది. ఒక్కసారి సేకరించిన మూత్రం ఆధారంగా రోజు మొత్తం ఉప్పును అంచనా వేయడం సరికాదని, జబ్బు వలన తక్కువ తినేవారు కూడా ఆ లెక్కలో చేరి ఉంటారని విమర్శకులు అన్నారు. అయితే ఉప్పు మరీ ఎక్కువ తినడం హానికరమన్న విషయంలో ఇరుపక్షాలకు భేదం లేదు.

జాగ్రత్తలు

బరువు త్వరగా తగ్గాలని ఉప్పును పూర్తిగా మాని, దానితోపాటు లీటర్ల కొద్దీ నీరు త్రాగడం ప్రమాదకరం. రక్తంలో సోడియం 135 మిల్లీమోళ్ళ కంటే తగ్గే స్థితిని హైపోనట్రీమియా అంటారు. తలనొప్పి, వికారం, మగత, తికమక దీని లక్షణాలు. తీవ్రమైతే మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలుగుతుంది. వృద్ధులలో ఈ తికమకను మతిమరుపుగా పొరబడే అవకాశం ఉంది.

మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులను (నీటి మాత్రలను) బరువు తగ్గడానికి సొంతంగా వాడరాదు. వాటి వలన పోయేది నీరు, సోడియం, పొటాషియం మాత్రమే. కొవ్వు ఒక గ్రాము కూడా తగ్గదు. ఈ మందులను రక్తపు పోటుకు, గుండె జబ్బుకు వాడుతున్నవారు, లిథియం మందు తీసుకొనేవారు, అడిసన్స్ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా ఉప్పును బాగా తగ్గించరాదు. ఎండలో పనిచేసేవారు చెమట ద్వారా ఉప్పును కోల్పోతారు. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు బరువు తగ్గే నియమాలను పక్కనబెట్టి ఓఆర్ఎస్ ద్రావణం త్రాగించాలి. లీటరు ద్రావణంలో 2.6 గ్రాముల ఉప్పు ఉండడం దాని గుణానికి ఒక ముఖ్య కారణం.

గమనిక: ఈ వ్యాసం సాధారణ సమాచారం కోసం మాత్రమే. ఇది వైద్య సలహాకు ప్రత్యామ్నాయం కాదు.

ఇవి కూడా చూడండి

* ఉప్పు
* రక్తపు పోటు
* స్థూలకాయం
* మూత్రపిండము
* అయోడిన్
* ఉప్పు సత్యాగ్రహం